'పీస్ ఆఫ్ కేక్' నేర్పారు, 'లెట్ హిమ్ గో' నేర్పలేదు

హన్మకొండలో నయీంనగర్ వైపు తిరిగేవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డుల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చేరిన వారంలోపే చేతికో జిరాక్స్ కాగితం ఇస్తారు. ఎడమ వైపు ఇడియమ్, అంటే నుడికారం. కుడి వైపు దాని అర్థం. 'పీస్ ఆఫ్ కేక్' అంటే చాలా తేలిక. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవుట. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోత వాన. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఇచ్చిందీ ఇదే, ఇప్పుడు మా పక్కింటి చెల్లె చేతిలో ఉన్నదీ ఇదే. ఈ మధ్యలో ఉమ్మడి వరంగల్ జిల్లా ఆరు జిల్లాలైంది. కాగితం మాత్రం చెక్కు చెదరలేదు.

అందులోని అర్థాలు సరైనవే, వాటితో నాకు పేచీ లేదు. ఏవి ఏరి పెట్టారన్నదే పేచీ. చూడగానే వింతగా కనిపించేవన్నీ కాగితం ఎక్కాయి, రోజూ చెవిన పడేవి బయటే ఉండిపోయాయి. పైగా మొదటి రోజు నుంచే నోటికి పని పెడతారు: 'రోజుకు ఐదు నేర్చుకోండి, ఐదూ మాటల్లో వాడేయండి' అని. నేను మడికొండ దగ్గర ఒక ఐటీ ఆఫీసులో పని చేస్తాను. పనిదినంలో సగం అమెరికా వాళ్లతో ఫోన్లోనో మెయిల్లోనో గడుస్తుంది. అక్కడ నాకు తెలిసొచ్చింది దీనికి పూర్తిగా తలకిందులు. ఇడియమ్స్ ముందు చెవికి కావాలి. నోటికి చాలా తర్వాత, అవీ కొన్నే.

మా టీమ్‌లో ఒక తమ్ముడున్నాడు, కాజీపేట అబ్బాయి, చురుకైనవాడు. అవతలి టీమ్‌లో తనతో రోజూ పని చేసే మనిషి కొన్నాళ్లుగా కాల్స్‌లో కనిపించకపోయేసరికి, ఆయన ఏడని మేనేజర్‌ని అడిగాడు. ఆవిడ కాస్త గొంతు తగ్గించి 'వి హ్యాడ్ టు లెట్ హిమ్ గో' అంది. మావాడు నవ్వుతూ 'ఓ నైస్, వెన్ ఈజ్ హీ కమింగ్ బ్యాక్?' అన్నాడు. అవతల ఎవరూ పలకలేదు. ఆవిడే మాట మార్చి తర్వాతి విషయంలోకి వెళ్లింది. కాల్ అయ్యాక నా సీటు దగ్గరికొచ్చి, 'అక్కా, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?' అన్నాడు. ఆ మనిషిని ఉద్యోగంలోంచి తీసేశారని చెప్పగానే వాడి మొహం పాలిపోయింది.

ఆ వాక్యంలో కష్టమైన మాట ఒక్కటైనా ఉందా? 'లెట్' తెలుసు, 'హిమ్' తెలుసు, 'గో' ఒకటో తరగతి మాట. పోనిచ్చారు, అంటే సెలవిచ్చి పంపారు అనుకున్నాడు వాడు. అనుకోవడంలో తప్పేముంది? మన దగ్గరా 'ఆయన్ను ఇంటికి పంపించేశారు' అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న మనిషి అది వింటే ఒంట్లో బాగోలేదేమో, పాపం ఇంటికి పంపారు అనుకోడా?

'కిక్ ద బకెట్' విన్నవాడికి కనీసం అనుమానం వస్తుంది. ఇందులో బకెట్ ఎందుకొచ్చింది అని ఆగుతాడు, పక్కవాణ్ని అడుగుతాడు, ఫోన్‌లో వెతుక్కుంటాడు. మాటలన్నీ తెలిసిన వాక్యం ఆ అనుమానమే రానివ్వదు. అందుకే మనల్ని ముంచేవి ఎప్పుడూ ఆ కాగితంలో లేనివే.

'టెల్ మీ అబౌట్ ఇట్' చూడండి. ట్రాఫిక్‌తో చచ్చిపోతున్నాను అని మీరన్నారు, అవతలివాడు 'టెల్ మీ అబౌట్ ఇట్' అన్నాడు. 'నాకు తెలియని బాధా అది' అని వాడి భావం. మనవాళ్లు నిజంగానే అడిగాడనుకుని చౌరస్తా నుంచి హంటర్ రోడ్డు దాకా కథంతా మొదలుపెడతారు. 'యూ కెన్ సే దట్ అగైన్' అంటే 'సరిగ్గా చెప్పావు' అని మెచ్చుకోవడం. దానికి మనవాడు చెప్పిందే మళ్లీ చెప్పడం నేను విన్నాను. ఇంకో కాఫీ కావాలా అని అడిగితే 'అయామ్ గుడ్' అన్నారంటే వద్దు, చాలు అని. 'ఐ విల్ పాస్' అన్నా వద్దనే, పరీక్షతో సంబంధం లేదు. 'షూట్' అంటే అడుగు, చెప్పు అని. 'ఇట్స్ ఆన్ మీ' అంటే బిల్లు నేనిస్తా అని. ఇవి తెలియనివాడికి వంద ఇడియమ్స్ బట్టీ వచ్చినా కాల్‌లో సగం సంభాషణ పక్క నుంచి పోతుంది.

ఇంగ్లీషు సొంతభాష అయినవాళ్లకే ఈ బాధ తప్పలేదు. మీటింగ్‌లో 'లెట్స్ టేబుల్ దిస్' అన్నారనుకోండి. అమెరికా వాడి నోట అది 'దీన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం' అని. బ్రిటిష్ వాడి నోట సరిగ్గా ఎదురు, 'దీన్ని చర్చకు పెడదాం' అని. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇరుదేశాల సైనికాధికారులు ఒకే టేబుల్ చుట్టూ కూర్చుని, ఈ ఒక్క మాట దగ్గర చాలాసేపు గట్టిగా వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. ఇద్దరూ కోరుకున్నది ఒకటేనట. వాళ్లకే అలా జరిగితే, 'కెన్ యూ ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దట్?' అని అడగడానికి మన పిల్లలు ఎందుకు సిగ్గుపడాలో నాకు అర్థం కాదు.

ఇక పిల్లులూ కుక్కలూ. ఆ కాగితంలో మొదటి వరుసలో ఉండే ఈ ఇడియమ్‌ను పని మధ్యలో ఒక అమెరికన్ నోట విన్న గుర్తు నాకు లేదు. జోరు వాన పడితే వాళ్లు 'ఇట్స్ పోరింగ్' అంటారు, అంతే. 1738లో జొనాథన్ స్విఫ్ట్, ఇంగ్లీషు పెద్దింటి వాళ్లు మాట్లాడుకునే అరిగిపోయిన మాటలన్నీ పోగేసి వెక్కిరిస్తూ కొన్ని సంభాషణలు రాశాడు. వాటిలో ఈ మాట ఉంది. అంటే దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే అది నలిగిన మాట. మన దగ్గర మాత్రం దాన్ని కొత్త నోటులా చేతిలో పెడుతున్నారు. గడ్డి కప్పుల మీద పడుకున్న పిల్లులు, కుక్కలు వానకు జారి కిందపడేవి కాబట్టి ఆ మాట పుట్టిందని వాట్సాప్‌లో తిరిగే కథ కూడా ఉత్తదే. అసలు ఎలా పుట్టిందో ఎవరూ తేల్చలేదు.

రోజమండ్ మూన్ అనే భాషావేత్త కోటీ ఎనభై లక్షల మాటల ఇంగ్లీషును కంప్యూటర్లో వెతికి 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇడియమ్స్‌లో చాలా భాగం పది లక్షల మాటలకు ఒకసారి కూడా రావని అందులో తేలింది. రంగురంగుల ఇడియమ్స్ మనకు గుర్తుండేది వింతగా ఉండటం వల్ల, తరచూ వినడం వల్ల కాదన్నమాట.

వాన సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్లలో చిక్కి, జనం ఇళ్ల పైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. మా హన్మకొండలోనూ కాలనీలకు కాలనీలు మునిగాయి. అలాంటి రోజున అవతలివాళ్లు 'మీరంతా క్షేమమేనా' అని అడిగితే 'ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటామా? అది గొడుగు మర్చిపోయిన సాయంత్రం అనే మాట. ఊరు మునిగిన రోజున 'వి ఆర్ ఫ్లడెడ్, దేర్ ఈజ్ నో పవర్' అని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇడియమ్‌లో ఎప్పుడూ కొంచెం ఆట ఉంటుంది. ఆటకు వీల్లేని చోట అది ఎంత సరైన ఇడియమ్ అయినా మోటుగా వినిపిస్తుంది.

ఈ పట్టింపు మనకు తెలియనిదేమీ కాదు. 'బాల్చీ తన్నేశాడు' అని మనమూ అంటాం. ఇంగ్లీషు బకెట్టే మన దగ్గర బాల్చీ అయింది. ఎవరి గురించి అంటాం? సినిమాలో విలన్ గురించి, పాత స్కూటర్ గురించి. చావింటికి పోయి, ఆ ఇంటివాళ్ల ముందు 'మీ నాన్న ఎప్పుడు బాల్చీ తన్నేశాడు' అని అడిగే మనిషి వరంగల్‌లోనే కాదు, ఎక్కడా ఉండడు. తెలుగులో ఇంత ఒడుపు ఉన్న మనిషే, కాగితంలో 'చనిపోవుట' అని చూసి, సెలవు కోసం రాసే మెయిల్‌లో తాత గురించి 'కిక్డ్ ద బకెట్' అని పెడతాడు. తప్పు వాడిది కాదు. కాగితంలో అర్థం పక్కన ఇంకో గడి ఉండాలి: ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారు అని. ఆ గడి ఎవరూ గీయలేదు.

ఆ మాటకొస్తే ఇంగ్లీషు ఇడియమ్స్ మనకు అనుకున్నదానికంటే ఎక్కువే తెలుసు. రోజూ పేపరు చదివే రైతును అడగండి. ప్రాజెక్టుకు పచ్చజెండా ఊపారు, పెట్టుబడులకు ఎర్ర తివాచీ పరిచారు, ఆ పథకం తెల్ల ఏనుగైంది, బంతి ఇప్పుడు కేంద్రం కోర్టులో ఉంది. ఇవన్నీ ఇంగ్లీషు పత్రికల దారిలో మన పత్రికల్లోకి దిగినవే. కాజీపేట జంక్షన్‌లో పెరిగినవాడికి పచ్చజెండా ఎందుకు ఊపుతారో ఒకరు చెప్పాలా? 'గ్రీన్ సిగ్నల్', 'రెడ్ కార్పెట్', 'వైట్ ఎలిఫెంట్', 'ద బాల్ ఈజ్ ఇన్ దెయిర్ కోర్ట్' అనేవి అతనికి సగం వచ్చినట్టే. నేనే పాఠం చెబితే అక్కడ మొదలుపెడతాను. కొత్తది నేర్పే ముందు ఉన్నది లెక్క చూపిస్తే భయం సగం పోతుంది.

కాళోజీ మన ఊళ్లో ఉండి జీవితమంతా చెప్పింది కూడా ఇదే కదా, బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలని. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పలుకుబడి అంటే జనం నోట్లో నలిగి, జనం చెవి ఒప్పుకున్న మాట. ఇంగ్లీషు విషయానికి వచ్చేసరికి మాత్రం మనకు బడిపలుకే గొప్పగా కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడ్డ మనిషి, తెలంగాణ మాట వచ్చని చూపించుకోవడానికి ప్రతి వాక్యంలో 'మస్తు', 'పరేషాన్', 'ఆగమాగం' కుక్కితే మనకెలా ఉంటుంది? ప్రేమగానే నవ్వుకుంటాం. మన 'పీస్ ఆఫ్ కేక్' విన్నప్పుడు వాళ్లకూ అలాగే ఉంటుంది.

కొన్నిటి దగ్గర మాత్రం తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, ముఖ్యంగా ఒంటి భాగాలతో వచ్చేవాటి దగ్గర. 'హీ గాట్ కోల్డ్ ఫీట్' అంటే చివరి నిమిషంలో భయపడి వెనక్కి తగ్గాడని. పెళ్లికి ముందురోజో, ఉద్యోగం మారే ముందో అనే మాట. మన ఇళ్లలో కాళ్లు చల్లబడ్డాయి అంటే ముసలాయనకు చివరి ఘడియలు వచ్చాయని, తులసి నీళ్లు వెతకమని. 'పుల్లింగ్ మై లెగ్' అంటే ఆటపట్టించడం, అందులో చెడు లేదు. మన దగ్గర కాళ్లు పట్టి లాగడం అంటే పైకి పోయేవాణ్ని ఓర్వలేక కిందికి గుంజడం. ఆఫీసులో 'అయామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్' అని మేనేజర్ అంటే ఒకమ్మాయి రెండు రోజులు మనసు కష్టపెట్టుకుంది. ఆవిడ జోక్ చేసింది, ఈ అమ్మాయి ప్రమోషన్ ఆపుతానంటోందనుకుంది.

ఇంకా చిక్కు, దగ్గరగా ఉండీ ఒకటి కానివి. 'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్' అనగానే అందరూ గోడ మీద పిల్లి అని రాసుకుంటారు. గోడ మీద పిల్లి జిత్తులమారి, ఎటు లాభముంటే అటు దూకుతుంది. ఫెన్స్ మీద కూర్చున్నవాడు అంత తెలివైనవాడు కానక్కర్లేదు, ఎటూ తేల్చుకోలేక కూర్చున్నాడంతే. ఒక అమెరికన్ 'అయామ్ ఆన్ ద ఫెన్స్' అని తన గురించి తానే హాయిగా చెప్పుకుంటాడు. 'నేను గోడ మీద పిల్లిని' అని మన దగ్గర ఎవరు చెప్పుకుంటారు, ఎన్నికల ముందు కూడా? అలాగే 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' పక్కన అమావాస్యకో పున్నానికో అని రాస్తారు. ఒకే నెలలో రెండో పున్నమిని బ్లూ మూన్ అంటారు, అది వచ్చేది రెండున్నర మూడేళ్లకోసారి. అమావాస్య, పున్నమి నెలకు చెరోసారి వస్తాయి. నన్నడిగితే 'మేడారం జాతరకోసారి' అని రాయడం లెక్కకు దగ్గర.

ఇక వాక్యంలో పెట్టడం. ఇక్కడే అసలు పని ఉంది.

మా పక్కింట్లో అద్దెకుండే చెల్లె స్టాఫ్ సెలెక్షన్ పరీక్షకు చదువుతోంది. నర్సంపేట వైపు వాళ్లది మిర్చి సాగు. ఒకరోజు సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది, ఇడియమ్స్‌తో సొంత వాక్యాలు రాసుకుంది, చూడమని. 'మై ఫ్రెండ్ ఈజ్ ఆన్ ద ఫెన్స్' అని ఉంది. వ్యాకరణం తప్పు పట్టలేం. కానీ ఏ ఫ్రెండు, దేని గురించి అంటే ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. వాక్యం నిండింది, లోపల ఎవరూ లేరు.

'మీ నాన్న మిర్చి అమ్మిండా?' అని అడిగాను.

'యాడ అమ్మిండక్కా. ఎనుమాముల కాడ కోల్డ్ స్టోరేజీల పెట్టిండు. ఇప్పుడే అమ్మాల్నా, రేటు పెరిగేదాక ఆగాల్నా అని ఎటూ తేలుస్తలేడు.'

'అదే రాయి మరి.'

కాసేపు పెన్ను కొరికి రాసింది: 'మై ఫాదర్ ఈజ్ ఆన్ ద ఫెన్స్ అబౌట్ సెల్లింగ్ ద మిర్చి నౌ.' ఇందాకటి వాక్యంలో లేనివి ఇందులో మూడు వచ్చాయి. ఒక మనిషి వచ్చాడు, ఒక చిక్కు వచ్చింది, ఆ ఇడియమ్ వెనక రావలసిన 'అబౌట్', దాని వెనక 'సెల్లింగ్' వచ్చాయి. ఈ చివరిది ఏ కాగితమూ చెప్పదు. ఇడియమ్‌కు ముందూ వెనకా ఏ చిన్న మాటలు అతుక్కుంటాయో తెలియకపోతే అర్థం తెలిసీ వాడలేం. 'కీప్ ఎన్ ఐ ఆన్' అంటే కనిపెట్టుకుని ఉండడం, పొయ్యి మీది పాలను. 'కీప్ ఎన్ ఐ అవుట్ ఫర్' అంటే ఇంకా రానిదాని కోసం చూస్తూ ఉండడం, రావలసిన కొరియర్ కోసం. 'ఆన్' ఉందా, 'అవుట్ ఫర్' ఉందా అన్న దగ్గరే అంతా ఉంది.

తర్వాత ఆ అమ్మాయికే ఊపొచ్చింది. రేటు ఒక్కసారిగా పెరగడానికి 'వెంట్ త్రూ ద రూఫ్', మాట్లాడుకున్న బేరం చెడిపోవడానికి 'ఫెల్ త్రూ'. తాలు ఎక్కువుందని వ్యాపారి వెనక్కి తగ్గడంతో పోయినసారి బేరం చెడిందట. 'ద డీల్ ఫెల్ త్రూ' అని రాసి, రెండిట్లోనూ 'త్రూ' ఉంది, ఒకటి పైకి పోయింది, ఒకటి కిందపడింది అని తనే కనిపెట్టింది. అడ్తిదారు మాటలు సగమే నమ్మాలనడానికి 'విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్' చెప్పాను. 'మిర్చి అంత పెట్టుకొని ఉప్పెందుకక్కా?' అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇదే మాటను అమెరికాలో 'గ్రెయిన్ ఆఫ్ సాల్ట్' అంటారని మాత్రం చెప్పి ఊరుకున్నాను.

మనకు మామూలుగా పట్టుబడనిది ఇంకోటి ఉంది, 'ఎ', 'ద'. తెలుగులో ఆ ముక్కలు లేవు కాబట్టి మన చెవి వాటిని చెత్త కింద ఊడ్చేస్తుంది. 'ఇట్ వాజ్ పీస్ ఆఫ్ కేక్' అంటాం, ఒంట్లో బాగోలేదనడానికి 'అయామ్ అండర్ వెదర్' అంటాం. మామూలు వాక్యంలో ఒక 'ద' పోతే ఎవరూ పట్టించుకోరు. ఇడియమ్‌లో పోతే మాత్రం అది ఇడియమ్‌లా వినిపించదు, వినేవాడు ఒక్క క్షణం తడబడతాడు. మన మాటల్లోనే చూడండి. 'అప్పులవాళ్ల ముందు చేతులెత్తేశాడు' అంటే నావల్ల కాదన్నాడని. 'అప్పులవాళ్ల ముందు రెండు చేతులూ ఎత్తాడు' అనండి, బతిమాలుతున్నాడో కొట్టబోతున్నాడో తెలియదు. మారింది చిన్న ముక్కే.

అన్నీ ఒకేలా బిగుసుకుని ఉండవు కూడా. 'స్పిల్ ద బీన్స్' అంటే రహస్యం బయటపెట్టడం. 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అని తిప్పి చెప్పినా అర్థం నిలుస్తుంది. 'ద బకెట్ వాజ్ కిక్డ్' అంటే మాత్రం ఎవరూ చావరు, బకెట్టుకు సొట్ట పడుతుంది. నన్‌బర్గ్, సాగ్, వాసో అనే ముగ్గురు భాషావేత్తలు 1994లో దీనికి కారణం చక్కగా విడమరిచారు. మొదటిదాంట్లో గింజలంటే రహస్యం, ఒలకబోయడమంటే బయటపెట్టడం. ముక్క ముక్కకూ అర్థంలో వాటా ఉంది, అందుకే కదిలించినా తట్టుకుంటుంది. రెండోదాంట్లో బకెట్టుకు ఏ వాటా లేదు. నేను ఈ లెక్క చూసుకునే కొత్త ఇడియమ్‌ను ముట్టుకుంటాను. వాటాలున్నదైతే కాస్త తిప్పుతాను, లేనిదైతే విన్నది విన్నట్టు వాడతాను.

విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసే పిల్లలు ఇక్కడ నా మీద విరుచుకుపడతారని తెలుసు. ఎక్కువ బ్యాండ్, అంటే ఎక్కువ స్కోరు, కావాలంటే ఇడియమ్స్ వాడాలని వాళ్లకు చెబుతారు. స్పీకింగ్ పరీక్షకు మార్కులిచ్చే ప్రమాణాల్లో, బ్యాండ్ ఏడు నుంచి పైకి, 'ఇడియమాటిక్' అనే మాట ఉన్న మాట నిజమే. కానీ ఇడియమాటిక్ అంటే ఆ భాషవాళ్లు సహజంగా అనేలా అనడం. 'హెవీ రెయిన్' అనడం, 'స్ట్రాంగ్ రెయిన్' అనకపోవడం కూడా దాంట్లోకే వస్తుంది. తొమ్మిదో బ్యాండ్ దగ్గర అయితే కచ్చితంగా ఉండాలనే షరతు పక్కనే ఉంది. మీ ఊరి గురించి చెప్పమంటే వేయిస్తంభాల గుడి గురించి బాగా మాట్లాడుతూ మాట్లాడుతూ, మధ్యలో చాలా ఖరీదు అనడానికి 'ఇట్ కాస్ట్స్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్' అని దూర్చేవాడు సహజంగా ఉంటాడా? అది ఎవరో రాసిచ్చిన ముక్క అని ఎదురుగా కూర్చున్న మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

స్టాఫ్ సెలెక్షన్ లాంటి పరీక్షలకు మాత్రం నేను ఒప్పుకుంటాను, లిస్టు చదవాల్సిందే. అక్కడ ఇడియమ్ ఇచ్చి నాలుగు అర్థాల్లో ఒకటి గుర్తుపట్టమంటారు. ఎంత పాతదైనా రావచ్చు. మా చెల్లెకు అదే చెప్పాను: కాగితం పరీక్ష హాలు దాకా తీసుకుపో, ఇంటర్వ్యూ గదిలోకి తీసుకుపోకు. నోటికి మాత్రం వేరే నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. అందులో ఇడియమ్ ఒక్కటే రాయకూడదు, విన్న వాక్యం మొత్తం రాయాలి, ఎవరు ఎవరితో అన్నారో పక్కన రాయాలి. వేర్వేరు మనుషుల నోట విన్నాకే తను వాడాలి.

ఈ మాట అన్నప్పుడు మా బావ అడ్డం పడ్డాడు. 'అసలు ఇడియమ్స్ ఎందుకు, సాదా ఇంగ్లీషు చాలదా?' అని. మాట్లాడటానికి చాలు, నిక్షేపంగా చాలు. కానీ వినేది మన చేతిలో ఉండదు కదా బావా, అవతలివాడు మన సిలబస్ చూసుకుని మాట్లాడడు. ఇంకో సంగతి, మనకు మనమే పుట్టించుకున్నవి కూడా ఉన్నాయి. 'డోంట్ ఈట్ మై హెడ్' అని ఇద్దరు వరంగల్ వాళ్లు అనుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు, నెత్తి మనదే, తినేదీ మనవాళ్లే. చేయాల్సింది చేయండి అనే 'డూ ద నీడ్‌ఫుల్' ఒకప్పుడు బ్రిటిష్ వాళ్లు రాసిందే, వాళ్లు వదిలేశారు, మనం పెంచుకుంటున్నాం. అమెరికా వాళ్లతో మాత్రం 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అనకండి. డిగ్రీ పూర్తయిందని మీరంటారు, స్పృహ తప్పి పడిపోయారని వాళ్లు వింటారు.

చివరగా, మన పిల్లల్ని ఆఫీసుల్లో అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఒక ఆట. క్రికెట్ అయితే మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరైనా రాజకీయాల్లో సెకండ్ ఇన్నింగ్స్ మొదలుపెట్టాడంటే ఇట్టే తెలుస్తుంది. వానకు తడిసి ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగ్ ఎంత కష్టమో తెలిసినవాడికి 'స్టిక్కీ వికెట్' అంటే ఇరకాటం అని అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు. అమెరికా వాడు మాత్రం క్రికెట్ మాట్లాడడు, బేస్‌బాల్ మాట్లాడతాడు. 'లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే' అంటాడు. 'గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్' అంటాడు. క్లయింట్ చివర్లో కొత్త కోరిక పెడితే 'దే థ్రూ అస్ ఎ కర్వ్‌బాల్' అంటాడు. భోజనానికి పిలిస్తే 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?' అంటాడు, మనవాడు కిటికీలోంచి బయట వాన ఉందేమో చూస్తాడు.

ఆట కాస్త తెలిస్తే ఇవన్నీ ఒకేసారి విడిపోతాయి. బేస్‌బాల్ మైదానం లోపలి చదరానికి నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లుంటాయి. బంతి కొట్టినవాడు పరుగెత్తుతూ ఒక్కొక్క బేస్‌ను వరసగా తాకాలి, తాకకుండా పోతే చెల్లదు. అందుకే 'టచ్ బేస్' అంటే ఒకసారి కలిసి, రెండు మాటలు మాట్లాడుకుని పోదాం అని. బాల్‌పార్క్ అంటే ఆ మైదానం. కచ్చితమైన అంకె వద్దు, మైదానం లోపల పడితే చాలు అంటే ఉజ్జాయింపు లెక్క. కర్వ్‌బాల్ అంటే నేరుగా వస్తున్నట్టే ఉండి వంపు తిరిగే బంతి, మన గుగ్లీకి వరసకు తమ్ముడు. వానకు ఆట ఆగిపోతే ఇంకోరోజు చూడటానికి ఇచ్చే చీటీ రెయిన్ చెక్, పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే మొదలైన పద్ధతి. కాబట్టి భోజనానికి పిలిస్తే ఆ మాట అన్నవాడు వద్దనలేదు, ఇంకోసారి వస్తానన్నాడు. ఆ తేడా తెలియక 'రానన్నాడు' అని మళ్లీ పిలవకుండా వదిలేసినవాళ్లున్నారు.

మా ఆఫీసులో కొత్త బ్యాచ్ చేరినప్పుడు మొదటి రోజు ఇంగ్లీషు గంట నాకు ఇస్తారు. ఈసారి జిరాక్స్ కాగితాలు పంచొద్దని చెప్పేశాను. బోర్డు మీద నాలుగు బేస్‌లు గీస్తాను, ఒకణ్ని లేపి బ్యాట్ పట్టిస్తాను, ఇంకొకణ్ని పరుగెత్తిస్తాను. ఎవరైనా మధ్యలో 'మేడమ్, ఇది ఎగ్జామ్‌కి వస్తుందా?' అని అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు. రాదు. ఆ మండే కాల్‌కి వస్తుంది.